మన వైపున్న మూల ఏది? – పెట్టెలు గీయడం, గీసినవాళ్లకు చెప్పడం గురించి ఒక ప్రసంగం

(రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేసింది. తడబాట్లు మాత్రం తీసేసి, మాట్లాడిన తీరు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? సరే. ముందు ఒక పని చేద్దాం, మాటలు తర్వాత. అందరూ ఫోన్లు చేతిలోకి తీసుకోండి. స్క్రీన్ ఆపేయండి, ఇవాళ దాన్ని ఒక పెట్టెలా చూద్దాం. పల్చటి పెట్టె, అంతే కదా. ఇప్పుడు ఒక కన్ను మూసుకుని, ఫోన్‌ని అరచేతిలో పడుకోబెట్టి, ఒక చివర మీ కంటికి జానెడు దూరంలో ఉండేలా, రెండో చివర అవతలికి పోయేలా పట్టుకోండి. పక్క అంచులు రెండూ చూడండి. ఎలా ఉన్నాయి? అవతలికి పోయేకొద్దీ దగ్గరకొచ్చేస్తున్నాయి. దగ్గరి చివర వెడల్పు, దూరపు చివర సన్నం. ఇప్పుడు అదే వాలులో ఉంచి చెయ్యి మొత్తం చాచండి. మళ్లీ అంచులు చూడండి. దాదాపు సమాంతరంగా అయిపోయాయి, అవునా? ఫోన్ మారిందా? లేదు. దాని కొలతలు మారాయా? లేదు. మీ కంటికీ దానికీ మధ్య దూరం మారింది, అంతే.

పర్‌స్పెక్టివ్ అంటే ఇదేనండీ. వస్తువు ఎలా ఉందో కాదు, ఇక్కడ నిలబడి చూస్తే ఎలా కనిపిస్తోందో. 1400ల మొదటి దశాబ్దాల్లో ఇటలీలోని ఫ్లారెన్స్‌లో బ్రూనెల్లెస్కి అనే వాస్తుశిల్పి ఒక పని చేశాడు. అక్కడి బాప్టిస్ట్రీ, అంటే బాప్తిస్మాలిచ్చే భవనం, దాని బొమ్మని ఒక చెక్క మీద గీసి, ఆ చెక్కకి చిన్న కన్నం పెట్టాడు. చూసేవాళ్లు చెక్క వెనక వైపు నుంచి ఆ కన్నంలోకి చూడాలి, ఎదురుగా అద్దం పట్టుకోవాలి, అప్పుడు అద్దంలో బొమ్మ కనిపిస్తుంది. కన్నం ఎందుకు పెట్టినట్టు? కన్ను ఎక్కడ ఉండాలో ఖాయం చేయడానికి. ఒక్క కన్ను, ఒక్క చోటు. 1525లో డ్యూరర్ అనే జర్మన్ చిత్రకారుడు వేయించిన పుస్తకంలో కూడా ఒక బొమ్మ ఉంటుంది, గోడ మీద ఒకచోట నుంచి దారం లాగి ఒక తంత్రీవాద్యం మీద ఒక్కో చోటా ఆనిస్తూ ఉంటారు. గోడ మీద ఆ చోటే కన్ను, దారమే చూపు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, "ఎక్కడ నుంచి చూస్తున్నాం" అన్న ప్రశ్న ఇవాళ చివరిదాకా మనతోనే ఉంటుంది. గీయడంలోనూ ఉంటుంది, ఫీడ్‌బ్యాక్ ఇవ్వడంలోనూ ఉంటుంది.

సరే, ఎందుకు పెట్టెలే? చాలామంది అడుగుతారు, మేం మనుషుల్ని గీద్దామని వచ్చాం, బండ్లు గీద్దామని వచ్చాం, ఈ పెట్టెల గోల ఏంటని. న్యాయమైన ప్రశ్నే. పెట్టె గీయగలిగితే ఒక వస్తువు ఎటు తిరిగి ఉందో గీయగలిగినట్టు. తల పైకెత్తి పక్కకి తిప్పిందనుకోండి, ఆ తలని ముందు ఒక పెట్టెగా ఊహించుకుంటే నుదురు ఎటు చూస్తోంది, చెవి ఏ పక్కకి వస్తుంది అన్నది తేలిపోతుంది. కుర్చీ పెట్టెలోంచే వస్తుంది, కారూ అంతే. గుండ్రటి చక్రం కూడా పెట్టె పక్క మీద గీసిన చతురస్రంలోంచే వస్తుంది. ఆ చతురస్రానికి మూల నుంచి మూలకి రెండు గీతలు గీస్తే అవి కలిసేచోటే అసలు మధ్య, స్కేలుతో కొలిస్తే వచ్చే మధ్య కాదు, ఎందుకంటే దూరపు సగం కంటికి చిన్నదిగా కనిపిస్తుంది కదా. ఇలా అన్నీ పెట్టె దగ్గర మొదలవుతాయి.

పెట్టెకి ఎన్ని అంచులు? పన్నెండు. ఈ పన్నెండూ పన్నెండు వేరు వేరు గీతలని అనుకుంటే తల తిరిగిపోతుంది. అలా కాదు. నాలుగేసి చొప్పున మూడు గుంపులు. ఒక్కో గుంపులో నాలుగు గీతలూ అసలు పెట్టెలో సమాంతరంగా ఉంటాయి, కాగితం మీద ఆ నాలుగూ దూరంగా ఒకే బిందువు వైపు పోతాయి, దాన్నే వ్యానిషింగ్ పాయింట్ అంటాం. నేను నేర్పేటప్పుడు ఆ నాలుగింటినీ నలుగురు అన్నదమ్ములు అంటాను. నలుగురూ ఒకే ఊరికి బయల్దేరారు. కొన్నిసార్లు ఆ ఊరు పేజీలోనే ఉంటుంది, చాలాసార్లు పేజీ దాటి బల్ల దాటి ఎక్కడో ఉంటుంది. ఎక్కడున్నా సరే, నలుగురూ అటే పోవాలి. ఈ ఒక్క మాట గుర్తుంటే ఇవాళ్టి సగం పాఠం వచ్చేసినట్టే.

ఇప్పుడు బోర్డు మీద చూడండి. మన వైపున్న మూల నుంచి మొదలుపెడతాను. అక్కడి నుంచి మూడు గీతలు, ఇంగ్లీషు వై అక్షరం లాగా. ఇక్కడ ఒక చిన్న పరీక్ష ఉంది. ఈ మూడు గీతల మధ్య మూడు కోణాలున్నాయి కదా, మూడూ 90 డిగ్రీల కన్నా ఎక్కువే ఉండాలి. పెట్టె మూడు పక్కలూ కనబడేలా మామూలు చూపులో గీస్తుంటే ఇది పనిచేస్తుంది. ఏదో ఒకటి 90 కన్నా తగ్గిందంటే ఆ పెట్టె ఒరిగిపోయి, నొక్కేసిన అట్టపెట్టెలా కనబడుతుంది, తర్వాత ఎంత జాగ్రత్తగా గీసినా బాగుపడదు. అందుకే మూడు గీతలవ్వగానే ఒక్క క్షణం ఆగండి. ఆ తర్వాత ఒక్కో గీత చివర నుంచి రెండేసి, మొత్తం ఆరు. అవతలికి కనబడని మూల వైపు మూడు. మూడు, ఆరు, మూడు, పన్నెండు. కనబడని గీతలు కూడా గీయాలి, అవి వదిలేస్తే తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తెలియదు.

ఆ చివరి మూడు గీతల దగ్గర ఏం జరుగుతుంది? ఎప్పుడైనా గీసినవాళ్లు చెప్పండి. అవునండీ, కలవవు. మూడూ ఒక చోట కలవాల్సింది పోయి చిన్న త్రికోణం ఏర్పడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు అక్కడే కూర్చుని ఆ మూలని సర్దడానికి చూస్తారు, ఒక గీతని కాస్త వంచుతారు, ఇంకోదాన్ని పొడిగిస్తారు. దయచేసి అలా చేయకండి. ఆ మూల ఏ తప్పూ చేయలేదు. అంతకుముందు గీసిన తొమ్మిది గీతల్లో ఉన్న చిన్న చిన్న తేడాలన్నీ అక్కడికొచ్చి పోగవుతాయి. ఆ త్రికోణం అలాగే ఉండనివ్వండి, వెనక్కి వెళ్లి ఏ అన్నదమ్ముడు దారి తప్పాడో చూడండి.

దారి తప్పినవాణ్ణి ఎలా పట్టుకోవాలి? పేజీలో నాలుగైదు పెట్టెలు ఇంకు పెన్నుతో చేత్తోనే గీయండి, స్కేలు లేకుండా. గీసేముందు రెండు చివర్లా చుక్కలు పెట్టుకుని, పెన్ను కాగితానికి తగలకుండా గాల్లో నాలుగైదుసార్లు అదే దారిలో చెయ్యి ఆడించి, అప్పుడు ఒక్క ఊపులో గీసేయండి. మణికట్టుతో కాదు, భుజం నుంచి. గీత తప్పు పోతే పోనివ్వండి, దాని మీద ఇంకోటి గీయొద్దు. పేజీ అయ్యాక వేరే రంగు పెన్నుతో, ఇప్పుడు స్కేలు పెట్టుకోవచ్చు, ప్రతి గీతనీ మనకి దూరంగా పోయే వైపు పొడిగించండి. మూడు గుంపులకి మూడు రంగులైతే ఇంకా మంచిది. అప్పుడు పేజీయే మాట్లాడుతుంది.

ఇందులో ఒక మాట చాలామంది పట్టించుకోరు, "మనకి దూరంగా పోయే వైపు" అన్నది. మన వైపున్న మూల నుంచి గీత ఎటు పోతోందో అటు పొడిగించాలి. రివర్స్‌లో మన వైపు పొడిగిస్తే సరైన పెట్టెలో కూడా గీతలు విసనకర్రలా విడిపోతాయి. అది చూసి కంగారుపడి, మంచి పెట్టెలు గీస్తున్నవాళ్లు కూడా తర్వాతి పెట్టెల్లో కావాలని గీతల్ని వెనక వైపు విప్పడం మొదలుపెడతారు. అలా చాలా పేజీలు పాడుచేసుకున్నవాళ్లని చూశాను.

పొడిగించాక నాలుగూ సూదిమొనలా ఒక చుక్క మీద కలవాలని ఆశించకండి. చేత్తో గీసినవి అలా కలవవు. దూరం పోయేకొద్దీ దగ్గరపడుతున్నాయా, అది చూడండి. ఎక్కువగా కనిపించే పొరపాటు ఒకటి చెబుతాను. నలుగురిలో ఇద్దరు ఒక ఊరికి పోతారు, ఇద్దరు ఇంకో ఊరికి. ఎందుకు? మనం ఒక్కో పక్కనీ విడిగా చూస్తూ గీస్తాం. పై పక్కకున్న రెండు గీతలూ ఒకదానికొకటి సరిపోయాయి, కింది పక్కవి ఒకదానికొకటి సరిపోయాయి, కానీ పైవాళ్లకీ కిందివాళ్లకీ మాటల్లేవు. కొత్త గీత గీసేటప్పుడు పక్కనున్న ఒక్కదాన్నే చూడకుండా మిగతా ముగ్గురినీ, ఇంకా గీయని వాణ్ణి కూడా ఊహించుకుని చూస్తే ఇది తగ్గుతుంది. అలవాటవడానికి టైమ్ పడుతుంది, నిజంగా పడుతుంది.

ఇంకోటి, గీతలు ఎంత చప్పున దగ్గరపడాలి అన్నది. ఇందాక ఫోన్‌తో చూశారు కదా. పెట్టె చిన్నదై కొంచెం దూరంలో ఉంటే గీతలు మెల్లగా దగ్గరపడతాయి. బాగా చప్పున దగ్గరపడ్డాయంటే చూసేవాడి కంటికి అది పెద్ద భవనంలాగానో, ముక్కుకి ఆనించుకుని చూస్తున్నట్టో అనిపిస్తుంది. అగ్గిపెట్టె గీద్దామని కూర్చుని భవనం గీస్తే బాగుండదు. సాధనలో రెండు రకాలూ గీయండి, కానీ మెల్లగా దగ్గరపడేవే ఎక్కువ గీయండి, మనం బొమ్మల్లో ఎక్కువగా వాడేవి అవే.

ఎన్ని గీయాలి? ఇంటర్నెట్‌లో డ్రాయింగ్ నేర్చుకునేవాళ్ల మధ్య 250 పెట్టెల సాధన ఒకటి బాగా పేరున్నది. రోజుకి ఐదు గీస్తే 50 రోజులు. నా అభిప్రాయం అడిగితే, ఒక్కరోజులో 50 గీసేకన్నా రోజుకి ఐదు గీసి, ఐదింటికీ గీతలు పొడిగించి, ఏం తప్పిందో చూసుకుని పడుకోవడం చాలా మేలు. పొడిగించి చూసుకోకపోతే 250 గీసినా అదే తప్పు 250 సార్లు చేసినట్టు. మిగతా టైమ్‌లో మీకు నచ్చింది గీయండి. పెట్టెలు తప్ప ఇంకేమీ గీయకుండా రెండు నెలలు కూర్చుంటే డ్రాయింగ్ మీదే విరక్తి వస్తుంది, అది నేను కోరుకోను.

ఇక ఫీడ్‌బ్యాక్ సంగతి. ఇవాళ ఇక్కడ సగం మంది కొత్తగా నేర్చుకునేవాళ్లు, సగం మంది వాళ్ల పేజీలు చూసి చెప్పేవాళ్లు. ఈ రెండోవాళ్లతోనే నాకు ఎక్కువ పని.

ఒకసారి ఒకావిడ ఆరు పెట్టెలు గీసి ఫొటో పంపారు. నేను శ్రద్ధగా కూర్చుని పద్నాలుగు పాయింట్లు రాసి పంపాను. గీతలు వణుకుతున్నాయి, మూలలు దాటిపోతున్నాయి, ఈ గుంపు విడిపోతోంది, ఆ గుంపు సమాంతరంగా ఉంది, పేజీలో మరీ చిన్నగా గీశారు, ఇలా. ప్రతి మాటా నిజమే. ఆవిడ "థాంక్యూ అండీ, చూస్తాను" అన్నారు. ఆ తర్వాత ఆవిడ నుంచి ఇంకో పేజీ రాలేదు. చాలా ఏళ్లయింది, ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు బాధే. ఆ పద్నాలుగులో పదమూడు నేను దాచుకుని ఉండాల్సింది. మొదటి పేజీకి ఒక్కటి చాలు. రెండో పేజీ వస్తే రెండోది చెప్పొచ్చు. రెండో పేజీ రావాలి కదా ముందు!

దీనికి రెండో చివర ఇంకొకటి ఉంది, అదీ మంచిది కాదు. "సూపర్", "బాగుంది, ప్రాక్టీస్ చేస్తూ ఉండండి". మనసు నొప్పించకూడదని అంటాం, మంచి మనసుతోనే అంటాం. కానీ అవతలి మనిషి 30 పెట్టెలు గీసి, ఎక్కడో ఏదో తేడాగా ఉందని తెలిసి, అదేంటో తెలియక మన దగ్గరికొచ్చారు. వాళ్ల చేతిలో ఏం పెట్టాం? ఏమీ పెట్టలేదు. రేపు పెన్ను పట్టుకుని కూర్చున్నప్పుడు ఇవాళ్టికన్నా వేరుగా ఏం చేయాలో తెలియాలి. అది తెలిస్తేనే ఫీడ్‌బ్యాక్, లేకపోతే పలకరింపు.

మరి ఎలా చెప్పాలి? నేను ఇప్పుడు ఇలా చెబుతాను, వినండి. "మీ పేజీలో ఐదు పెట్టెలున్నాయి. ఎడమకి పోయే గీతలు ఐదింటిలోనూ చక్కగా దగ్గరపడుతున్నాయి, అది కుదిరింది, అలాగే చేయండి. నిలువు గీతలు మాత్రం రెండో పెట్టెలోనూ నాలుగో పెట్టెలోనూ రెండేసి చొప్పున విడివిడిగా కలుస్తున్నాయి. రేపటి ఐదు పెట్టెల్లో నిలువు గీతల గుంపు ఒక్కటే చూసుకోండి. మూడో నిలువు గీత గీసేముందు చుక్క పెట్టి, మొదటి రెండు ఎటు పోతున్నాయో గాల్లో చెయ్యి ఆడించి చూడండి. గీశాక పంపండి." అంతే. ఇందులో ఏముందో చూశారా? ఏ పెట్టె, ఏ గుంపు, రేపు ఏం చేయాలి. కుదిరినదాన్ని కూడా పేరు పెట్టి చెప్పాను, ఎందుకంటే కొత్తవాళ్లకి తాము చేసినదాంట్లో ఏది సరైనదో కూడా తెలియదు, చెప్పకపోతే దాన్నీ మార్చేసుకుంటారు. "మీకు పర్‌స్పెక్టివ్ రావడం లేదు" అనలేదు, "ఈ గీతలు విడిపోతున్నాయి" అన్నాను. గీత గురించి మాట్లాడితే మనిషి చిన్నబుచ్చుకోరు.

ఏది ముందు చెప్పాలి అని అడుగుతారు. గీతలు పొడిగించిన వైపు తప్పైతే ముందు అదే, ఇంకేదీ వద్దు. అది సరిగ్గా ఉంటే, దూరం పోయేకొద్దీ విడిపోతున్న గుంపు ఉందేమో చూడండి. తర్వాత రెండేసి కలిసేవి. వణుకుడు గీతలు, మూల దాటిన గీతలు చివర్లో చూసుకోవచ్చు, చెయ్యి అలవాటయ్యేకొద్దీ చాలావరకు వాటంతటవే తగ్గుతాయి.

ఇప్పుడు ఇవాళ నేను నిజంగా చెప్పడానికి వచ్చిన విషయం. బోర్డు మీద ఈ పెట్టె చూడండి. పన్నెండు గీతలూ ఒకే మందం. కాసేపు అలాగే చూస్తూ ఉండండి. తిరగబడిందా? ఇప్పటిదాకా ముందున్న మూల వెనక్కి పోయి, వెనకది ముందుకొచ్చింది కదా? 1832లో లూయీ నెకర్ అనే స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు స్ఫటికాల బొమ్మలు చూస్తూ ఈ సంగతి గమనించి రాశాడు, అందుకే దీన్ని నెకర్ ఘనం అంటారు. కనబడని గీతలు కూడా గీసిన ప్రతి పెట్టెకీ ఈ గుణం ఉంటుంది. రెండు రకాలుగానూ చదవొచ్చు. ఒక రకంగా చదివితే గీతలు దూరంగా పోతూ దగ్గరపడతాయి. రెండో రకంగా చదివితే అవే గీతలు దూరంగా పోతూ విడిపోతాయి.

అంటే ఏమిటి? గీసినవాళ్లు ఒకలా చూసి గీశారు, మనం ఇంకోలా చదువుతున్నాం. ఒక కుర్రాడు 40 పెట్టెలు తెచ్చి చూపించాడు, గీతలు ఇంకా పొడిగించలేదు. నాకు చూడగానే చాలా పెట్టెలు వెనక వైపు లావెక్కుతున్నట్టు కనిపించాయి. అన్నీ తప్పని చెప్పబోయాను, నోటిదాకా వచ్చింది. ఎందుకో ఆగి, "బాబూ, ఇందులో మన వైపున్న మూల ఏది?" అని అడిగాను. అతను వేలు పెట్టాడు. నేను వెనకదనుకున్న మూల మీద పెట్టాడు. అతని వేలు ఉన్నచోటు నుంచి చదివితే ఆ పెట్టె బాగానే ఉంది. పక్కది కూడా బాగానే ఉంది. కావాల్సిందల్లా, ఏది ముందో చూసేవాళ్లకి తెలిసేలా, మన వైపున్న ఒక పక్కకి సన్నటి అడ్డగీతలు వేసి, బయటి అంచు కొంచెం లావు చేయడం. 40 పెట్టెలు తప్పని చెప్పి ఇంటికి పంపేవాణ్ణి. అడిగాను కాబట్టి సరిపోయింది.

అప్పటి నుంచి ఎవరి పేజీ అయినా ముందు ఆ ప్రశ్న అడగకుండా నోరు విప్పను. మన వైపున్న మూల ఏది? కొన్నిసార్లు ఆ ప్రశ్నతోనే పని అయిపోతుంది. వేలు పెట్టడానికి తడుముకుంటారు, "అయ్యో, నాకే తెలియడం లేదండీ" అంటారు, అంటే గీసేటప్పుడు మధ్యలో వాళ్ల కంటికే పెట్టె తిరగబడిందన్నమాట. అప్పుడు మనం తప్పు చూపించక్కర్లేదు, వాళ్లే పట్టేస్తారు. వాళ్లే పట్టుకున్న తప్పు మళ్లీ చేయడం తక్కువ, ఇది నేను చాలామందిలో చూశాను. అందుకే నాకు వాళ్ల బొమ్మ మీద ఎర్ర పెన్నుతో దిద్దడం కూడా ఇష్టం ఉండదు. అడిగి దిద్దితే సరే, అదీ ఒక్క గుంపు. మొత్తం పెట్టె మనమే గీసి చూపిస్తే వాళ్లకి మన పెట్టె మిగులుతుంది, వాళ్ల కన్ను అక్కడే ఉండిపోతుంది.

ఫొటోల్లో చూసి చెప్పేవాళ్లకి ఒక జాగ్రత్త. కాగితాన్ని వాలుగా పెట్టి ఫొటో తీస్తే కాగితమే పర్‌స్పెక్టివ్‌లో పడుతుంది. సరిగ్గా ఉన్న గీతలు కూడా విడిపోతున్నట్టో, మరీ దగ్గరపడుతున్నట్టో కనిపిస్తాయి. మరీ దగ్గర నుంచి వైడ్ లెన్స్‌తో తీస్తే పేజీ అంచుల దగ్గర తిన్నటి గీతలు వంగుతాయి. అందుకే ముందు పెట్టెలు చూడకండి, కాగితం నాలుగు అంచులూ చూడండి. అవి ఎదురెదురుగా సమాంతరంగా లేకపోతే, పైనుంచి నిటారుగా ఇంకో ఫొటో అడగండి. అడగడానికి మొహమాటం వద్దు, చెప్పేముందు మనం ఎక్కడ నుంచి చూస్తున్నామో మనకి తెలియాలి కదా.

చూపించేవాళ్లకి కూడా ఒక మాట. "ఎలా ఉంది?" అని అడక్కండి. "మూడో పెట్టెలో కుడి గుంపు నాకు కుదరలేదు, ఎందుకో తెలియడం లేదు" అని అడగండి. పొడిగించిన గీతలతో సహా పంపండి, బాగా వచ్చిన ఒక్క పెట్టె ఏరి పంపకుండా మొత్తం పేజీ పంపండి. ఒక్క పెట్టెలో కనబడేది పొరపాటో అలవాటో చెప్పలేం. ఐదింట్లో కనబడితే అలవాటు.

సరే, మాటలు చాలు. ముందు బల్లల మీద తెల్ల కాగితాలున్నాయి, కొంచెం వెనక్కి అందించండి. ఒక్కొక్కరూ మూడు పెట్టెలు గీయండి, పెద్దగా గీయండి, అరచేయంత ఉండాలి. కనబడని గీతలతో సహా. మందంగా దిద్దకండి, అడ్డగీతలు వేయకండి, గీతలు పొడిగించకండి, అవి తర్వాత. పది నిమిషాలయ్యాక మీ కాగితం పక్కవాళ్లకి ఇవ్వండి. వాళ్లు ఏమీ చెప్పకూడదు, మన వైపున్న మూల ఏదో అడగాలి, మీరు వేలు పెట్టి చూపించాలి. అప్పుడు రంగు పెన్నులు తీసుకుని ఇద్దరూ కలిసి గీతలు పొడిగించండి. ఒక్క విషయం చెప్పుకోండి, ఒక్కటే. నేను బల్లల మధ్య తిరుగుతూ ఉంటాను. పెన్ను లేనివాళ్లు చెయ్యెత్తండి.